గృహవిద్య: మూడవ తరగతిలో పండుగ ముందటి వారము



సంక్రాంతి వెడలిపోయినది. భోగిమంటల బూడిద చల్లాఱినది. అల్లుండ్రు, ఆడుబిడ్డలు తమ తమ యూళ్లకు తరలిరి. బడులు మఱల తెఱచిరి. మిగిలిన యరిసెలను డబ్బాలలో సర్దుకొనుచు, పిల్లల పుస్తకములకు అట్టలు వేయుచు నున్న యీ సమయమున, సెలవులకు ముందటి వారమును గుఱించి మీతో ముచ్చటింప దలచితిని. ఆ వారమున బడిలో చదువు సాగదని తలంచువారు మనలో పెక్కురు గలరు. నేనును మొన్నటివఱకు వారిలో నొకతెను.

ఇందుల కొక తల్లి నన్నడిగిన ప్రశ్నయే కారణము. ఆమె మా యింట పాలు పోయును. ఆమె కుమారుడు మా వారి బడిలో మూడవ తరగతి చదువుచున్నాడు. సెలవులకు ముందటి యాదివారమునాడు చెంబు క్రింద పెట్టి యామె యిట్లనెను: “అమ్మగారూ, రేపటినుంచి వారమంతా మాస్టారు ముగ్గులు పెట్టిస్తారట, ప్రభలు కట్టిస్తారట. పక్కూరి ప్రయివేటు బడిలో ఇప్పుడు పరీక్షలు పెడుతున్నారు. ఇలాగైతే మావాడి చదువేం గాను?”

నాకు వెంటనే సమాధానము తోచలేదు. ఆమె యడిగినదానిలో తప్పేమియు లేదు. తెల్లవాఱకమునుపే లేచి, పాలమ్మి బిడ్డను చదివించుకొను తల్లి ఆమాత్ర మడుగవలసినదే. ఆ రాత్రి నేనీ మాట మా వారితో నంటిని. ఆయన వాదింపలేదు. “నీవే వచ్చి చూడరాదా? చుక్కలు పెట్టుటకు నాకొక మనిషి కావలయును కూడ” అనిరి. అట్లు నేను సోమవారము మొదలు శనివారము వఱకు ఆఱు దినములు ఆ గదిలో కూర్చుంటిని.

మా బడి కోనసీమలో నొక కాలువగట్టున నున్నది. చుట్టును కొబ్బరితోటలు. మూడవ తరగతిలో పందొమ్మండుగురు పిల్లలు. వారికి ఎనిమిదేండ్ల ప్రాయము. ఈ తరగతి యొక రేవువంటిది. ఇంతవఱకు బిడ్డకు చదువుట యెట్లో నేర్పుదురు. ఇది దాటిన పిదప వానికి చదువ వచ్చునని తలంచియే పుస్తకములు వ్రాయుదురు. అప్పటికిని చదువ రాని బిడ్డను నాలుగవ తరగతిలో ఆగి కనిపెట్టువారు తక్కువ. వాడు వెనుక బల్లకు జరిగి మాటాడక కూర్చుండును. 2021వ సంవత్సరము జూలై నెలలో కేంద్రప్రభుత్వమువారు నిపుణ్ భారత్ అను కార్యక్రమమును ప్రారంభించిరి. మూడవ తరగతి ముగియునప్పటికి ప్రతి బిడ్డయు తాను మునుపు చూడని పాఠమును సైతము అర్థము గ్రహించుచు, నిమిషమునకు 60 మాటలకు తగ్గకుండ చదువవలయుననియు, 9999 వఱకు సంఖ్యలను చదివి వ్రాయవలయుననియు దాని లక్ష్యము. (తెలుగున ‘వెళ్లిపోతున్నామనుకుంటున్నాడు’ అనునదియు నొక్క మాటయే గావున ఈ 60 సంఖ్య మన పిల్లలకు కొంత కఠినమేమో యని నా సందేహము.) ఉన్న స్థితియో, 2024వ సంవత్సరపు అసర్ నివేదిక ననుసరించి, దేశమందలి గ్రామములలో మూడవ తరగతి పిల్లలలో రెండవ తరగతి పాఠమును చదువగలవారు నూటికి 27 మంది. తక్కినవారు మందబుద్ధులు కారు. ఆ సంగతి నాకు మంగళవారమునాడు బాగుగా తెలిసివచ్చినది. ముందు సోమవారపు మాట చెప్పెదను.

ఆనాడు మా వారు పుస్తకము తెఱవలేదు. పండుగ మాటలు చెప్పుడని పిల్లల నడిగి, వారు చెప్పినవి చెప్పినట్లు బల్లమీద వ్రాసిరి. ముగ్గు, గొబ్బెమ్మ, గంగిరెద్దు, నువ్వులు, కొబ్బరి, బొబ్బట్టు, కజ్జికాయ, సున్నుండ, బొమ్మలకొలువు, భోగిమంటకు పుల్లలు, మంటకు తవ్విన గొయ్యి. మీరు గమనించితిరా? మన పండుగ మాటలలో నెక్కువ భాగము ద్విత్వములే. మూడవ తరగతి పిల్లలకు కొఱుకుడుపడనివియు నివియే. గుణింతము వచ్చినను ఒత్తు వద్ద నాలుక తడబడును.

ఒత్తులలో రెండు జాతులు గలవు. గ, ద, బ, జ, వ మొదలగువానికి అక్షరమునే యున్నది యున్నట్లుగా గాని, తలకట్టు తీసి గాని క్రింద వ్రాసిన చాలును. త, న, మ, య, ర, ల యనువాని ఒత్తులు మాత్రము తల్లిని పోలని పిల్లలు. వీనిని విడిగా గుర్తుపట్టవలసినదే. బల్లమీది మాటలను ఈ రెండు జాతులుగా విడదీసి రెండు వరుసలలో వ్రాయుడని మా వారు చెప్పిరి. ముగ్గు, ఎద్దు, కజ్జికాయ ఒక ప్రక్కకు. బొమ్మ, సున్నుండ, గొయ్యి వేఱొక ప్రక్కకు పోయినవి. గొబ్బెమ్మవద్ద కలహము పుట్టినది. బ్బె యొక జాతి, మ్మ యొక జాతి. ఏ వరుసలో చేర్పవలయును? పాలామె కుమారుడు లేచి, “మధ్యకు కోసి చెరోపక్కకీ సగం వేద్దామండీ” అనెను. అట్లే చేసిరి. ముప్పది యేండ్లు దాటిన నాకును ఒత్తులను గుఱించి ఇట్లు విడదీసి యాలోచించుట అదియే మొదలు.

మధ్యాహ్నము పిల్లలు వంతుల వారీగా వాచకములోని పాఠమును చదివిరి. మూడవ బల్లనుండి యొక బాలిక లేచినది. రెండు జడలు, ఎఱ్ఱ రిబ్బనులు. గడగడ చదివినది, ఎచ్చటను తడబాటు లేదు. నే నెంతయు మెచ్చుకొని, దగ్గఱకు పోయి పుస్తకము వైపు చూచితిని. దాని వ్రేలు మూడవ పంక్తిమీద నున్నది. నోరు నాలుగవ పంక్తిలో నున్నది. పాఠము ముగిసినప్పటికిని వ్రేలు పుట సగములోనే యున్నది. నే నూరకుండలేక, మధ్య నొక మాటపై వ్రేలుంచి, “ఇది యేమి తల్లీ?” యని యడిగితిని. అది నా ముఖము చూచి, మఱల మొదటినుండి పాఠ మప్పగించుట ప్రారంభించినది. ఆ మాట వచ్చు వఱకు పరుగెత్తిపోయి అచ్చట ఆగవలెనని దాని యుపాయము. ఆగలేకపోయినది, దాటిపోయినది.

ఆ పిల్లకు చదువ రాదు. మూడేండ్లుగా బడికి వచ్చుచు, తోడి పిల్లలు చదువగా విని, పాఠములన్నియు చెవితో నేర్చుకొన్నది. ఇంత జ్ఞాపకశక్తి గల బిడ్డను చూచి సంతోషింపవలెనో దుఃఖింపవలెనో నాకు తెలియలేదు.

ఆ రాత్రి మా యింట వాదము జరిగినది. నేను బడి మెట్లెక్కినదానను గాను. మా తండ్రిగారు ఇంటనే నాకు చదువు చెప్పిరి. అమరకోశము, శబ్దములు, పద్యములు అర్థము తెలియకమునుపే కంఠస్థము చేయించిరి. అర్థము పదేండ్ల తర్వాత వచ్చినది; వచ్చినప్పుడు నోట నున్నదంతయు వెలిగినది. కావున వల్లెవేయుటను తక్కువ చేసి మాటాడిన నాకు కోపము వచ్చును. ఆ మాటయే మా వారితో నంటిని. ఆయన శాంతముగా, “మీ నాన్నగారు నీకు వల్లె వేయించిరి, అక్షరములును దిద్దించిరి. దీనికి రెండవది లేదు. పాఠము దీని నోట నున్నదిగాని కంటికి కనబడుట లేదు. నేనును ఇన్ని నెలలు దాని నోటినే విని మోసపోతిని” అనిరి. తన తప్పును ఒప్పుకొనువారితో నెవ్వరు వాదింపగలరు?

మంగళవారము ముగ్గుల దినము. ఆవరణ యంతయు తుడిచి, నీళ్లు చల్లి, పిల్లలను జట్లుగా కూర్చుండబెట్టితిమి. మొదట అయిదు వరుసలు, వరుసకు అయిదు చుక్కలు. ఎన్ని? అయిదయిదులు ఇరువదియైదని యందఱును ఒక్క గొంతుకతో పలికిరి. పిదప ఏడు చుక్కలు, ఎదురు చుక్క, ఒకటి వచ్చు వఱకు పెట్టించితిని. మీ రెఱుగుదురు గదా, మధ్య ఏడు, పైని క్రిందను అయిదులు, తరువాత మూడులు, కొనల నొక్కొక్కటి. ఇది యెక్కువయా, మొదటిది యెక్కువయా యని మా వారడిగిరి. రెండవదే యెక్కువయని దాదాపందఱును చేతులెత్తిరి. చూచుటకు అదియే పెద్దదిగా కనబడుచుండెను.

“రెండూ ఒకటేనండీ” అన్నది ఎఱ్ఱ రిబ్బనుల పిల్ల.

లెక్కించి చెప్పితివా యని యడుగగా, “మధ్యలో ఏడు. అయిదూ అయిదూ పది. మూడూ మూడూ ఆరు. కొసల్లో రెండు” అని వ్రేళ్లు ముడుచుచు చెప్పినది. ఇరువదియైదే! పిల్లలు నమ్మక మఱల లెక్కించిరి. ఒకడు లెక్కించుచు నొక చుక్కను కాలితో చెఱిపి ఇరువదినాలుగని పట్టుబట్టగా కొంత గొడవయు జరిగినది. పిదప ఏడు చుక్కలు, సందు చుక్క, నాలుగు వచ్చు వఱకు పెట్టిన ముప్పదియేడగునని అది పెట్టకమునుపే చెప్పినది. ప్రతి యుదయమును అమ్మమ్మతో వాకిట ముగ్గు పెట్టు పిల్ల యది. దానికి చుక్కల లెక్క చేతిలో నున్నది. ఎక్కములన్నింటిని తప్పు లేకుండ అప్పగించు పిల్లలు ఇద్దఱు అప్పుడు నోరు తెఱచుకొని చూచుచుండిరి. వారిని ఏడాఱ్లు ఎంత యని యడిగిన, ఏడొకట్ల ఏడు మొదలు మెట్లన్నియు నెక్కి రావలసినదే. సోమవారము ఆ పిల్ల పాఠములో చేసిన పనియే మంగళవారము వీరు ఎక్కములలో చేయుచుండిరి! అయినను వీరిని తెలివిగల పిల్లలందుము.

ఆ ముగ్గులో నింకొక చిత్రమును మా వారు చూపిరి. మొన నుండి మధ్య వఱకు ఒకటి, మూడు, అయిదు, ఏడు. కూడిన పదునాఱు, అనగా నాలుగు నాలుగులు. మిగిలిన సగము అయిదు, మూడు, ఒకటి. కూడిన తొమ్మిది, మూడు మూడులు. బేసి సంఖ్యలను వరుసగా కూడుచు పోయినచో ఎల్లప్పుడును ఇట్లు చదరముగా పేర్చదగిన సంఖ్యయే వచ్చునట. బుద్ధి యెఱిగిన నాటినుండి ముగ్గులు పెట్టుచున్న నాకు ఇది తెలియదు. మీరును రేపు వాకిట పెట్టి చూడుడు.

బుధవారమునాడు కొలతలు. మా యింటి యటుకమీది పాత కుంచమును, మానికను, తవ్వను, సోలను, గిద్దను గోనెసంచిలో వేసికొని పోతిని. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక, నాలుగు మానికలు కుంచము. కుంచమునకు గిద్దలెన్ని? అఱువదినాలుగు. బియ్యము క్రింద పోసి, కొలిచి తెలిసికొనిరి. తూనికలు కొలతలను గుఱించి 1956లో చట్టము వచ్చి కిలోలు, లీటర్లు స్థిరపడినను, అరిసెల పాకము పట్టునప్పుడు మా యత్తగారు ఇప్పటికిని మానికతోనే మాటాడుదురు. కోళ్లు గదిలోనికి వచ్చుటచేత ఆ పాఠ మర్ధాంతరముగా ముగిసినది.

గురువారమునాడు ఉత్తరములు. దూరమున నున్న తమవారి కెవరికైన నొక ఉత్తరము వ్రాయవలెను. బల్లమీద నమూనా యేదియు వ్రాయలేదు. వ్రాసినచో పందొమ్మిదియు ‘ఇచ్చట మేము క్షేమము’ అనియే వచ్చునని మా వారి భయము. కోనసీమనుండి స్త్రీలు ఇంటిపనులకై కువైటు, మస్కటు మొదలగు చోట్లకు పోవుట మీలో ననేకు లెఱిగినదే. ఎఱ్ఱ రిబ్బనుల పిల్ల తల్లియు కువైటులో నున్నది. నాలుగేండ్లాయెను. పిల్ల అమ్మమ్మ యొద్ద పెరుగుచున్నది. ఆ వృద్ధురాలికి అక్షరము రాదు. తల్లి రాత్రులందు ఫోనులో మాటాడును. కావున ఆ యింట చదువవలసిన యవసర మెన్నడును కలుగలేదు.

తక్కిన పిల్లలు వ్రాయుచుండగా అది పెన్సిలు నమలుచు కూర్చున్నది. నేను ప్రక్కన కూర్చుండి, “మీ అమ్మతో ఏమి చెప్పుదువు?” అని యడిగితిని. సిగ్గుపడి, తల వంచుకొని, మెల్లగా చెప్పినది: “మా ఆవు ఈనింది. పెయ్య పుట్టింది. దాని నుదుట ముగ్గులా ఉంది. నువ్వు ఎప్పుడు వస్తావు?”

నాకు కన్నులు చెమర్చినవి. ఆ నాలుగు మాటలను నేనే చక్కగా వ్రాసి దాని చేతిలో పెట్టుదునా యనిపించినది. మా వారు వలదని సైగ చేసి, ఒక పొడవైన కాగితపు చీటీ యిచ్చి, పిల్ల చెప్పినది చెప్పినట్లు, మాట మార్పకుండ, పెద్ద యక్షరములతో వ్రాయుమనిరి. వ్రాసితిని. తన మాటలే గావున అది వెంటనే చదివినది. ఇంతవఱకు వాచకములోని తంత్రమే గదా! అప్పుడాయన కత్తెర తీసికొని చీటీని మాట మాటకు ముక్కలుగా కత్తిరించి, కలిపి, పిల్ల ముందఱ పోసిరి. “ఇప్పుడు పేర్చుము.”

ఇది చదువుట. పాట సాగుటకు వీలులేదు. ఒక్కొక్క ముక్కను కంటితో చూడవలసినదే. ‘ఆవు’ దొరికినది. ‘మా’ దొరికినది. ‘పెయ్య’ను ‘పుట్టింది’ యని చదివి తిరిగి చూచినది. క్రింద నున్న ఒత్తుపై వ్రేలుంచి, తల యెత్తి బల్లవైపు చూచినది. సోమవారము వ్రాసిన మాటలింకను అక్కడ నున్నవి. ‘గొయ్యి’ వద్దకు పోయి, ముక్కను దానిప్రక్క పెట్టి పోల్చుకొని, “పె... య్య” అన్నది. పిదప ‘నువ్వు’ అను ముక్కను పట్టుకొని బల్లమీది ‘నువ్వులు’ వఱకు పరుగెత్తి, “పంతులమ్మగారూ! నువ్వుల్లో నువ్వు ఉన్నావు!” అని పకపక నవ్వినది. గది యంతయు నవ్వినది. నా కందులోని చమత్కారము ఇంతకుముందెన్నడును తోచలేదు.

ఇదంతయు జరుగుటకు గంటన్నర పట్టినది. ఈలోపల వెనుక బల్లవారు జిగురు డబ్బాకై పోరాడి ఉత్తరములు రెండింటిని చింపిరి. ఒక్క యుపాధ్యాయుడు పందొమ్మండుగురిని పెట్టుకొని ప్రతి బిడ్డకు ఇట్లు గంటన్నర ఇయ్యజాలడు. ఆనాడు నేను లేనిచో ఆ పిల్ల ఉత్తరము తెల్లకాగితముగానే యుండెడిది. ఈ మాట మా వారును కాదనలేదు. ఉత్తరములో ‘ఈనింది’ యనుటకు బదులు ‘ఇనింది’ యని వ్రాసినది. దిద్దవలెనని నా చేయి తహతహలాడినది. దిద్దలేదు.

శుక్రవారము ప్రభలు కట్టిరి. కనుమనాడు జగ్గన్నతోటలో ఏకాదశ రుద్రుల ప్రభలతీర్థము జరుగును. వెదురు బద్దలతో కట్టి, రంగు వస్త్రములతో నలంకరించిన ప్రభలను భక్తులు భుజముల మీద మోసికొని, వరిచేల మీదుగా, కౌశిక దాటి తెత్తురు. 2023వ సంవత్సరమున ఢిల్లీలో గణతంత్రదినపు ఊరేగింపునందు మన రాష్ట్రమువారు ఈ తీర్థమునే శకటముగా ప్రదర్శించిరి. పిల్లలకు పుల్లలు, దారము, రంగుకాగితము లిచ్చితిమి. పదునొకండు ప్రభలు, పందొమ్మండుగురు పిల్లలు: ఎట్లు పంచుకొనవలెనో లెక్క వేసికొనుడనగా, ఎనిమిది ప్రభలకు ఇద్దఱిద్దఱును, మూడింటికి ఒక్కొక్కరును అని తేల్చుటకు అరగంట పట్టినది. అందఱికంటె పొడవుగా కట్టినవారిది గాలికి పడిపోయినది.

ఆనాటి మధ్యాహ్నము భోజనపు వరుసలో నిలుచుండి, ఆ పిల్ల గోడమీది బోర్డువైపు చూచుట గమనించితిని. 2024 నుండి మన రాష్ట్రమున బడి భోజనమునకు డొక్కా సీతమ్మగారి పేరు పెట్టిరి. లంకల గన్నవరమున వేళ గాని వేళ వచ్చిన బాటసారులకు అన్నము పెట్టిన ఆ తల్లి ఈ సీమవారే. పిల్ల పెదవులు కదిలించుచు, “సీ...త...మ్మ” అని చదివినది. మూడేండ్లుగా బోర్డులను చూడక ఆ వరుసలో నిలుచున్న పిల్ల. అందులోని ‘మ్మ’ దానికి గొబ్బెమ్మలోని రెండవ సగము.

శనివారము మా బడిలో సంచి తేనక్కఱలేని దినము. ప్రభ లూరేగించి, ‘శరభ శరభ’ యని కేకలు వేయుచుండగా పాలామె కుమారుని తీసికొనిపోవుటకు వచ్చినది. ఆమెను కూర్చుండబెట్టి, వాని ఉత్తరమును వానిచేతనే చదివించితిని. మధ్య మాటలు, చివరి మాటలు అడిగితిని. తడబడక చెప్పినాడు. ఆమె సంతోషించినది గాని, “అయితే పరీక్షలు అక్కర్లేదంటారా?” అని మఱల నడిగినది. అక్కఱలేదని నే ననలేదు. ఎక్కములు నోటికి రావలసినదే. ఇంకొక సంగతియు దాచను: పండుగ వారమున రంగుకాగితము లంటించి, పిల్లలను వరుసగా నిలువబెట్టి ఛాయాచిత్రము తీసి ఫోనులలో పంపుటతో సరిపెట్టు బడులు నేను చూచితిని. అందులో చదువు లేదు. ముగ్గు వేయించి, చుక్కలను గుఱించి యేమియు అడుగనిచో అది వట్టి ముగ్గే.

సోదరీమణులారా, మీ యింట మూడవ తరగతి బిడ్డ యున్నచో ఈ సాయంకాలమే యొక పని చేసి చూడుడు. పాఠము మొదటినుండి చదువనీయకుడు. పుట మధ్య నొక మాటపై వ్రేలుంచి యడుగుడు. పిదప క్రిందినుండి పైకి నాలుగు మాటలు. బొమ్మ యున్నచో చేతితో కప్పుడు. అటుపిమ్మట బిడ్డ మునుపు చూడనిది, పెండ్లి శుభలేఖ యైనను, నూనె పొట్లముమీది వ్రాత యైనను, చదువుమనుడు. మొదటినుండి పరుగెత్తి వచ్చుట, మీ ముఖము చూచి ఊహించుట, బొమ్మ చూచి మాట కల్పించుట కనబడినచో బిడ్డకు చదువ రాదని తెలిసికొనుడు. తిట్టకుడు. పిల్ల అబద్ధ మాడుట లేదు. చదువుట యనగా అదియే యనుకొనుచున్నది. దాని నోటి మాటనే నాలుగింటిని చీటీమీద వ్రాసి, కత్తిరించి, కలిపి పేర్పించుడు. దినమునకు ఒక్క చీటీ, పది నిమిషములు. మాటలు దానివే కావలెను, మీవి కారాదు; మీరు ‘ధేనువు ప్రసవించినది’ అని వ్రాసినచో మఱల మొదటికి వచ్చును. గ్రాంథికముపై ప్రీతి గల నేనే యీ మాట చెప్పుచున్నాను.

చదువ రాని తల్లు లేమి చేయుదురని మీరడుగవచ్చును. శనివారము సాయంకాలము ఆ పిల్ల అమ్మమ్మ యింటికి పోయి నేను చెప్పిన దిదియే: “మామ్మగారూ, మీరు చదువనక్కఱలేదు. ముక్కలు కలిపి దానిముందు పోయుడు. మీ కిష్టమైన ముక్కపై వ్రేలుంచి ఇదేమిటని యడుగుడు. కొంతసేపటికి అదే ముక్కను మఱల నడుగుడు. రెండు మాఱులును ఒకే మాట చెప్పినచో చదువుచున్నది. వేఱు వేఱుగా చెప్పినచో ఊహించుచున్నది.” ఆమె కొంతసేపు ఆలోచించి, “అంటే దొంగని పట్టుకున్నట్టన్నమాట” అనెను. సెలవులకు మా వారిచ్చిన పని యిదియొక్కటే. పుటలకు పుటలు కాపీ వ్రాయుట లేదు. దానికి కొందఱు తండ్రులు అసంతృప్తి చెందిరి.

కనుమనాటి రాత్రి కువైటునుండి ఫోను వచ్చినప్పుడు నేను అరిసెలిచ్చుటకు పోయి అచ్చటనే యుంటిని. పిల్ల ఉత్తరమును చేత పట్టుకొని చదివినది. అటువైపునుండి తల్లి నవ్వుచు, “బాగా అప్పజెప్పావే” అనెను. వృద్ధురాలికి పౌరుషము వచ్చినది. “అప్పజెప్పడం కాదే, చదువుతోంది” అని, కాగితముపై ఒకచోట వ్రేలుంచి, “ఇదేమిటే?” అని యడిగినది. “పెయ్య.” “ఇది?” “నువ్వు.” “ఇందాకటిది మళ్లీ చెప్పు.” “పెయ్యే అమ్మమ్మా!” అటువైపు మాట వినబడలేదు. తెగిపోయినదేమోయని వృద్ధురాలు ఫోనును తట్టినది. తెగిపోలేదు.

బడి తెఱచిన నాడు మా వారా పిల్లకు మునుపు చూడని చీటీ నొకదాని నిచ్చిరి. అందు పదునొకండు మాటలు. ఏడింటిని చదివినది. రెండింటిని సగము చదివి విడిచినది. రెండింటిని దాటిపోయినది, రెండింటిలోను ఉన్నది ‘ర’ ఒత్తు. వేసవి సెలవుల కింక మూడు నెలలు. నేను వారమునకు రెండు మధ్యాహ్నములు పోవుటకు ఒప్పుకొంటిని. పాలామెయు, తన కుమారునితో నా పిల్ల చీటీలను కలిపించి పేర్పించెదనని తనంతట తానే చెప్పినది.